మేస్త్రి కూర్చోని కుర్చీ

ఆ ఉదయం కూడా మేస్త్రి నిలబడే తిన్నాడు. కిటికీ గట్టు మీద పళ్ళెం పెట్టుకుని, వీధి వైపు మొహం తిప్పి, వెనక నుంచి ఎవరో తరుముతున్నట్టు గబగబా మింగాడు. అతని వెనక బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. నాలుగూ అతను చేసినవే. మూడింటిలో భార్య, కొడుకు, కోడలు కూర్చున్నారు. నాలుగోది ఖాళీ.

"గుర్రాలు కూడా నిలబడే తింటాయి. కాకపోతే వాటిని బల్ల దగ్గరకి రమ్మని ఎవరూ బతిమాలరు," అంది భార్య.

మేస్త్రి ఇంకో ముద్ద మింగాడు. మాటలు మేకుల్లాంటివి, అవసరం లేని చోట దిగ్గొట్టకూడదు అని వయసులో ఉన్నప్పుడు అంటూ ఉండేవాడు. వయసు మళ్ళాక అది అనడం కూడా మానేశాడు. మాట్లాడకపోవడమే పెద్దరికం అనుకునే మగవాళ్ళు కొందరుంటారు. వాళ్ళతో కాపురం చేసేవాళ్ళకి మాత్రం అది పెద్దరికంలా కనిపించదు.

ఇంటి ముందు భాగమంతా కార్ఖానా. అక్కడ కుర్చీలు తప్ప మరొకటి చెయ్యరు. మంచం చేసిపెట్టమన్నా, బీరువా చేసిపెట్టమన్నా వేరే వీధి చూపిస్తారు. మేస్త్రి తండ్రి పెట్టిన పద్ధతి ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. పెద్ద మేస్త్రి కూర్చుని చూడని కుర్చీ గడప దాటకూడదు. కుర్చీ పూర్తయ్యాక మేస్త్రి అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక గ్లాసు టీ నింపాదిగా తాగుతాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఏ కాలు పొట్టిదో, ఏ అతుకులో కూసం వదులుగా ఉందో, వీపు ఎక్కడ ఆనడం లేదో అతనికి తెలిసిపోతుంది. ఆ ఊళ్ళో జనం ధర అడగరు. మేస్త్రి కూర్చున్నాడా అని అడుగుతారు.

ఈ మధ్య ఆ పద్ధతి సడలింది. మేస్త్రి కుర్చీని అరచేత్తో నొక్కి చూస్తున్నాడు. మోకాలు ఆనించి ఊపి చూస్తున్నాడు. ఒక్కోసారి కొడుకుని కూర్చోమని తను ఎదురుగా నిలబడుతున్నాడు. ఇన్నేళ్ళ చెయ్యి, దానికి తెలిసిపోతుందిలే అనుకున్నాడు కొడుకు. తన కుర్చీ తయారయ్యేదాకా అలాగే అనుకున్నాడు.

అది అతను సొంతంగా ఊహించి చేసిన మొదటి కుర్చీ. వానాకాలమంతా చేశాడు. మిగతా వాటికన్నా కాస్త పొట్టిది, పేము అల్లిక, చేతులు ఆనుకునే చోట చిన్న వంపు. తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. మేస్త్రి దాని చుట్టూ తిరిగాడు. బొటనవేలితో ఆ వంపుని నిమిరాడు. చాలాసేపు చూశాడు. "అక్కడ పెట్టు," అని గోడ మూల చూపించి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

అంతే. బాగుందనలేదు, బాగోలేదనలేదు. కనీసం చేత్తో నొక్కి చూడలేదు. దాని తర్వాత చేసిన కుర్చీలన్నీ మేస్త్రి చెయ్యి తగిలి గడప దాటాయి. అది మాత్రం మూలన పట్టా కింద ఉండిపోయింది. కొడుకు అడగలేదు. అడగకపోవడం అతను తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ ఉదయం మాత్రం నోరు విప్పాడు. పక్క ఊళ్ళో ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని, నెలాఖరుకల్లా చేరాలని, అక్కడే ఇల్లు చూసుకుంటామని పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. తల్లికి మొదట అర్థం కాలేదు. ఇంట్లో పని ఉండగా బయట పనేమిటంది. అక్కడ ఏం చేస్తావంది.

"కుర్చీలే."

"అక్కడ ఎవరు కూర్చుని చూస్తారు?"

"ఎవరూ కూర్చోరమ్మా. ఇనప దిమ్మ ఒకటి ఉంటుంది. లేస్తుంది, పడుతుంది. కుర్చీ ఆగితే ఆగిందని చెబుతుంది, విరిగితే విరిగిందని చెబుతుంది. ఏదో ఒకటి చెబుతుంది."

కిటికీ దగ్గర మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"వెళ్ళు," అన్నాడు.

"విన్నావా అమ్మా? ఆ ఒక్క మాటకి నోరు వచ్చింది. నా కుర్చీకి రాలేదు."

తల్లి కొంగుతో మూతి నొక్కుకుంది. కొడుకు లేచాడు. అప్పటిదాకా మాట్లాడని కోడలు భర్త చెయ్యి పట్టి ఆపింది. ఆమె బస్టాండులో టికెట్ల కౌంటర్‌లో పని చేస్తుంది. రోజంతా ఎక్కేవాళ్ళని, దిగేవాళ్ళని చూసే మనిషి. ఎవరు ఎలా నిలబడ్డారో ఎలా కూర్చున్నారో ఆమె కంటికి ఆనుతుంది.

"మామయ్యా, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మీరు కూర్చుని ఎన్నాళ్ళయింది?"

మేస్త్రి పళ్ళెం పట్టుకుని వంటగది వైపు నడిచాడు. కోడలు వదల్లేదు. మొన్న బస్టాండులో చూశానంది. బస్సంతా ఖాళీగా ఉంటే మామయ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డారని, దిగేదాకా అలాగే ఉన్నారని కండక్టర్ కూడా చెప్పాడని అంది. ఆ గడ్డం ఎందుకు పెరిగిందో ఎవరైనా ఆలోచించారా అని భర్త వైపు తిరిగింది. మంగలి కుర్చీలో కూర్చోవాలి కదా.

"ఆయన మీ కుర్చీలోనే కాదు. ఏ కుర్చీలోనూ కూర్చోవడం లేదు."

ముగ్గురూ మేస్త్రి మాసిన గడ్డం వంక చూశారు. రోజూ చూస్తున్నదే. బద్ధకం అనుకుని వదిలేశారు.

మేస్త్రికి పంతం వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, నాలుగో కుర్చీ లాగి, అందరూ చూస్తుండగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చూశారుగా అన్నట్టు తల ఎత్తాడు. కాసేపటికి మెడ మీద నరం ఉబ్బింది. నుదుటి మీద చెమట పట్టింది. పెదవి పళ్ళ కింద నలిగింది. లేవలేదు. ముందు భార్యే లేచింది. చంకల కింద చేతులు వేసి లేపబోయింది. అప్పుడు అతని కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఆ ఇంట్లో వాటిని ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"కింద నిప్పు పెట్టినట్టుంటుందే," అన్నాడు గోడ వైపు తిరిగి, భార్యకి మాత్రమే వినపడేలా. అయినా అందరికీ వినిపించింది.

తర్వాత ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. నొప్పి చెప్పుకోలేని చోట. కూర్చుంటే మంట, సూదులు. నిలబడితే తగ్గుతుంది, పడుకుంటే ఇంకా తగ్గుతుంది. మొదట తప్పు కుర్చీదే అనుకున్నాడు. కుర్చీలు చేసేవాడు మరెవరి మీదికి పోతాడు? తన పీటకి స్పాంజి వేశాడు. దాని మీద ఇంకొకటి వేశాడు. మెత్తదనం పెరిగిన కొద్దీ మనిషి లోపలికి దిగబడి, నొక్కకూడని చోటే నొక్కింది. తప్పు కుర్చీది కాదని తేలాక తనదే అనుకున్నాడు. వయసు మీద పడింది, కింద ఎక్కడో కూసం వదులైంది అనుకున్నాడు. వదులైన కూసానికి అతనికి తెలిసిన మందు ఒక్కటే, చీల కొట్టి బిగించడం. చిత్రిక పడుతూ, రంపం లాగుతూ, పొద్దస్తమానం కింద కండరాలని బిగబట్టి ఉంచాడు. నొప్పి పెరిగితే బిగింపు చాలలేదనుకున్నాడు. ఇంకా బిగించాడు.

భార్య అంతా విని ఏడవలేదు. ఆమెకి కోపం వచ్చింది.

"మీకు నొప్పి వచ్చినందుకు కాదు నా బాధ. పక్కన పడుకునేదాన్ని. నాక్కూడా తెలియనివ్వకుండా దాచారు చూడండి, అది."

మేస్త్రి గోడ వైపే చూస్తూ చెమట తుడుచుకున్నాడు.

కొడుకు నిలబడి ఉన్నాడు. అతని మొహంలో జాలి ఉంది. కానీ ఇంకా ఏదో మిగిలింది. "మిగతా వాటిని చేత్తో అయినా చూశావు కదా. నాదాన్ని చేత్తో నొక్కి కూడా చూడలేదేం?" అన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కాదు అన్నాడు. కొడుకు చెప్పులు వేసుకుంటూ, ముందు డాక్టర్ దగ్గరికి పద, నా సంగతి తర్వాత అన్నాడు. ఉద్యోగం మానుకుంటానని మాత్రం అనలేదు.

డాక్టర్ పరీక్షలన్నీ చేయించాడు. భయపడాల్సినవి ఏవీ లేవని తేలాక, కటి భాగంలో ఎముకల సందున పోయే నరం ఒకటి నలుగుతోందని, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకున్నాయని చెప్పాడు. కొద్దిగా మందులు రాశాడు. అసలు పని ఫిజియోథెరపీదని, నెలలు పడుతుందని, మధ్యలో మానొద్దని చెప్పి పంపాడు.

ఫిజియోథెరపీ చేసే ఆవిడ కోడలి వయసుది. మేస్త్రి సిగ్గుతో సగం చచ్చాడు. ఆవిడకి అలాంటివేమీ లేవు. కాలు ఎత్తించి, నడుం తిప్పించి, ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగింది. అతను బిగించడం గురించి చెప్పాడు.

"ఎవరు చెప్పారండీ అలా చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదమ్మా. వదులైనదాన్ని బిగిస్తాం కదా."

"వదులైందని ఎవరు చెప్పారు?"

ఆవిడ నవ్వలేదు. మీది ఇప్పటికే బిగుసుకుపోయింది, మీరు ఇంకా బిగించారు, ఇక నుంచి వదలడం నేర్చుకోవాలి అంది. వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ ఒక కుర్చీ మీద పెట్టి, మోకాళ్ళు చక్కగా మడిచి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఊపిరి తీసుకోమంది. లోపలికి పోయే గాలికి పొట్ట లేవాలి. ఛాతీ కాదు. మూత్రం మొదలయ్యే ముందు కింద ఎలా వదులుతామో, ఊపిరితో పాటు అలా వదలాలి. తర్వాత ఒక మోకాలు మెల్లగా ఛాతీ వైపు, తర్వాత రెండోది. రోజూ కాసేపు నడక. కూర్చోక తప్పకపోతే రెండు తువ్వాళ్ళు చుట్టి, తొడల కింద చెరొకటి పెట్టుకోవాలి, మధ్యలో ఏమీ తగలకూడదు. విరేచనం కోసం ముక్కకూడదు, కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవాలి. వేడి నీళ్ళ సంచి హాయిగా అనిపిస్తే పెట్టుకోవచ్చు. దూలాలు ఎత్తకూడదు. ఏది చేసినా నొప్పి పెరిగితే అక్కడ ఆగిపోవాలి.

"పళ్ళ బిగువున చేస్తే అది వ్యాయామం కాదు, పంతం. మీ దగ్గర అది ఇప్పటికే ఎక్కువుంది," అంది ఆవిడ.

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. వచ్చిన నవ్వుని తండ్రికి చూపించడం ఇష్టం లేక.

ఇంటికి వచ్చి నేల మీద పడుకోమంటే మేస్త్రికి అది పెద్ద అవమానం అయింది. భార్య తలుపు వేసి, పక్కన తనూ పడుకుంది. పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాను, మీకు ఊపిరి తీసుకోవడం కూడా ఎవరో ఒకరు నేర్పాల్సి వచ్చింది అంది. మొదట్లో అతనికి పొట్ట లేచేది కాదు. ఛాతీ లేచేది, భుజాలు లేచేవి, కోపం లేచేది. భార్య అతని పొట్ట మీద తన చెయ్యి వేసి, దీన్ని లేపండి, మిగతా వాటిని పడుకోనివ్వండి అనేది. కోడలు బస్టాండు గొంతుతో తలుపు అవతల నుంచి పిలిచేది. "మామయ్యా, మీ నడక బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది." మేస్త్రి గొణుక్కుంటూనే చెప్పులు వేసుకునేవాడు.

మెల్లగా మార్పు కనిపించింది. ఒక రోజు బాగుండేది. మర్నాడు ఉండేది కాదు. తువ్వాళ్ళ మీద కూర్చుని ఒక పూట భోజనం సగం వరకు తిన్నాడు. ఆ ఉత్సాహంతో కార్ఖానాలో ఒక చేవ దుంగని ఊపిరి బిగబట్టి ఎత్తాడు. మళ్ళీ మొదటికి వచ్చింది. ఇదంతా దండగ అన్నాడు. భార్య ఫిజియోథెరపీ ఆవిడకి ఫోను చేసి ఇచ్చింది. ఇలా జరుగుతుందని, వెనక్కి వచ్చింది గానీ మొదటికి రాలేదని, ఊపిరితోనే మళ్ళీ మొదలుపెట్టమని ఆవిడ చెప్పింది. మేస్త్రి వింటూ వింటూ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నేల మీద పడుకున్నాడు. భార్య బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. అతను ఎవరి మాటా విని పడుకోవడం ఆమె ఎరగదు.

కొడుకు తండ్రిని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. దారిలో వాతావరణం గురించి మాట్లాడాడు. ఫ్యాక్టరీ వాళ్ళు ఫోను చేస్తే వస్తున్నానన్నాడు. పెట్టెలు అటక మీద నుంచి దించాడు. కోడలు వాటిలో ఏమీ సర్దలేదు, దించినవాటిని తిరిగి ఎక్కించనూ లేదు. నెలాఖరు దగ్గర పడింది.

ఆ మధ్యాహ్నం పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. మేస్త్రి కార్ఖానాలోనే పడుకుని చేసుకుందామనుకున్నాడు. పిక్కలు పెట్టుకోవడానికి ఒక కుర్చీ లాగాడు. ఎత్తు ఎక్కువైంది, నడుం లేచింది. ఇంకొకటి లాగాడు. అదీ అంతే. అతని చేతి కుర్చీలన్నీ ఒకే ఎత్తు. అటూ ఇటూ చూసి, మూలన పట్టా తీశాడు. కొడుకు చేసినది కాస్త పొట్టిది. పిక్కలు సరిగ్గా ఆనాయి. మోకాళ్ళు చక్కగా మడతపడ్డాయి. కళ్ళు మూసుకున్నాడు.

కొడుకు లోపలికి వచ్చేసరికి తండ్రి నేల మీద రంపపు పొట్టులో పడుకుని ఉన్నాడు. రెండు కాళ్ళూ తన కుర్చీ మీద ఉన్నాయి.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దీనికైనా పనికొచ్చిందన్నమాట. కాళ్ళు పెట్టుకోవడానికి."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. కాళ్ళు తియ్యలేదు. "ఇలా వచ్చి పడుకో," అన్నాడు.

"నాకు పనుంది."

"పడుకోరా."

కొడుకు వచ్చి పక్కన పడుకున్నాడు. ఆ గొంతుకి లోబడటం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. మేస్త్రి కాళ్ళు మెల్లగా దించి, నేల మీదే తిరిగి తల కుర్చీ కిందికి జరిపాడు, కొడుకూ జరిగాడు. ఇద్దరి తలలూ నేల మీద, పైన కుర్చీ అడుగు భాగం. అల్లిక సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతోంది.

"మిగతా వాటికి చెయ్యి చాలనుకున్నాను. అబద్ధమే. జనం నమ్మారు, నేను ఊరుకున్నాను. నీ దానికి అబద్ధం చెప్పడానికి చెయ్యి రాలేదు. నొప్పి తగ్గాక నిజంగా కూర్చుని చూద్దామనుకున్నాను. తగ్గలేదు. రోజులు పోయాయి. ఇక ఏమని చెప్పను?" మేస్త్రి ఆగి ఆగి అన్నాడు. అతను ఒక్కసారిగా అన్ని మాటలు అనడం కొడుకు ఎప్పుడూ వినలేదు.

"ఆ మాటే చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు."

మేస్త్రి చెయ్యి పైకెత్తి కుర్చీ అడుగున వేళ్ళతో తడిమాడు. పై భాగం ఎంత నున్నగా ఉందో అడుగు కూడా అంత నున్నగా ఉంది.

"ఇక్కడ కూడా చిత్రిక పట్టావేం? ఎవరు చూస్తారని?"

"ఎవరూ చూడరు."

"నేను పట్టలేదు. ఏనాడూ పట్టలేదు. ఎప్పుడూ పైనుంచి కూర్చోవడమే గానీ, కుర్చీ కింద పడుకుని చూడటం ఇదే." మేస్త్రి వేలు జరిగి జరిగి వెనక అడ్డబద్ద దగ్గర ఆగింది. "ఇదిగో, ఇక్కడ. చీల మరీ గట్టిగా కొట్టావు. వెంట్రుకంత బీట కనబడుతోందా? పైనుంచి కూర్చుంటే నాకు తెలిసేది కాదు. ఇంకో రెండేళ్ళకి పగులుతుంది. చీల తీసి, కాస్త సన్నం చేసి, వదులుగా దించు. మిగతాదంతా..."

ఆగాడు. కొడుకు ఊపిరి బిగబట్టాడు.

"మిగతాదంతా ఇంత బాగా చెయ్యడం నాకు చేతకాదు."

కొడుకు మోచెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకున్నాడు. పొట్టు రేణువులు బుగ్గకి అంటుకున్నాయి. మేస్త్రి అటు చూడలేదు. చూస్తే తన మాట ఆగిపోతుందని భయం.

"ఫ్యాక్టరీకి వెళ్ళొద్దురా. వెళ్ళమన్నది కోపంతో. ఉండమని అడుగుతున్నాను."

"నువ్వు అడగడం నేనెప్పుడూ వినలేదు."

"నేను కూడా."

కొడుకు నవ్వాడో ఏడ్చాడో తెలియని శబ్దం ఒకటి వచ్చింది. రేపు ఫోను చేసి రానని చెబుతానని, పెట్టెలు తిరిగి అటక ఎక్కిస్తానని అన్నాడు. అయితే ఒక షరతు అన్నాడు. బాగోలేకపోతే బాగోలేదని చెప్పాలి, బాగుంటే బాగుందని చెప్పాలి, నొప్పయితే నొప్పి అనాలి. అనుకున్న వెంటనే. దాచి పెట్టకూడదు. ఇంకోసారి దాచావో, పెట్టెలు అటక మీద నుంచి మళ్ళీ దించుతానన్నాడు.

మేస్త్రి ఆలోచించాడు. ఊపిరి తీసుకున్నాడు. పొట్ట లేచింది, దిగింది.

"సరే," అన్నాడు. "అయితే ఇప్పుడే చెబుతున్నాను. ఎడమ కాలు తిమ్మిరెక్కి చాలాసేపయింది. నాకై నేను లేవలేను. లేవదియ్యి."